కనుమ తర్వాత ఉబ్బిన పొట్ట

చేపల తొట్టి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు
(మత్స్యశాఖలో పనిచేసి రిటైరైన అధికారి ఈ శీర్షిక నిర్వహిస్తున్నారు.)

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది తణుకు. మా అబ్బాయి ఇంటర్ చదివే రోజుల్లో తెచ్చుకున్న టైగర్ ఆస్కార్ చేప మా ఇంట్లో ఉంది. పేరు భీముడు. అబ్బాయి ఇప్పుడు హైదరాబాదులో చదువుకుంటున్నాడు, చేప బాధ్యత నా మీద పడింది. జానెడు దాటి పెరిగింది. నాలుగడుగుల తొట్టిలో అదొక్కటే ఉంటుంది. సంక్రాంతికి ఆడపడుచుల పిల్లలంతా వచ్చారు. కనుమ నాడు కూర కోసం తెచ్చిన కోడిమాంసంలోంచి చిన్న ముక్కలు, కార్జం ముక్కలు తీసి తలా ఒకటి వేశారు. ఎంత వేస్తే అంత తినేసింది. రెండు రోజులకల్లా పొట్ట ఉబ్బిపోయింది. ఇప్పుడు తిండి వేస్తే నోట్లో పెట్టుకుని ఊసేస్తోంది. తొట్టి అడుగున ఒక మూలకి ఒరిగి కూర్చుంటోంది. వెనకాల తెల్లటి దారం లాంటిది వేలాడుతోంది. అక్వేరియం షాపులో అడిగితే ఒక నీలం మందు, ఒక పసుపు పొడి ఇచ్చి రెండూ కలిపి నీళ్లలో వేయమన్నారు. పక్కింటావిడేమో కడుపుతో ఉందేమో అంటోంది. మా ఆయన “చేపకి వైద్యమేంటి” అన్నారు గానీ, రాత్రుళ్లు లేచి లైటేసి చూస్తున్నది ఆయనే. ఆ మందులు వేయమంటారా? అబ్బాయికి ఇంకా చెప్పలేదు.
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చేతికందిన రోజే పత్రిక వాళ్ల దగ్గర నంబరు తీసుకుని మీతో మాట్లాడాను. సంచిక అచ్చయి వచ్చేదాకా ఆగే వ్యవహారం కాదది. అప్పుడు ఫోన్లో గబగబా చెప్పినవే ఇక్కడ కాస్త విడమర్చి రాస్తున్నాను. పెద్ద చేపలు పెంచే ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఈ అవసరం పడుతుంది.

షాపులో ఇచ్చిన మందులు మీరు వేయలేదు. చాలా మంచిపని చేశారు. ఆ నీలం మందు మిథిలీన్ బ్లూ. చేప గుడ్లకు బూజు పట్టకుండా వాడతారు, ఒంటి మీద బూజు లేచినప్పుడూ వాడతారు. పొట్టలోని బాధకు అది చేసేదేమీ లేదు. పైగా ఫిల్టరు స్పాంజిలో కాపురముండి అమ్మోనియాను విరిచే మంచి బాక్టీరియాను దెబ్బతీస్తుంది. అసలే నలతగా ఉన్న చేపకు అమ్మోనియా బాధ కూడా తోడవుతుంది. పసుపు పొడి పొట్లం మీద పేరే లేదన్నారు. పేరు లేని మందు ఎవరిచ్చినా తొట్టిలో వేయకండి. ఏమిటో తెలియనిదానికి మోతాదు ఎలా లెక్కపెడతాం?

పొట్ట ఉబ్బడమన్నది ఒకే జబ్బు పేరు కాదు. మలబద్ధకం, పేగుల్లో పరాన్నజీవులు, మూత్రపిండాలు చెడి ఒంటికి నీరు పట్టడం, గుడ్లు, మింగిన రాయి, లోపల కణితి: ఇవన్నీ బయటికి ఒకే పొట్టగా కనిపిస్తాయి. వైద్యం మాత్రం దేనికదే వేరు. అందుకే ఎవరడిగినా నేను పట్టుబట్టేది ఒక్కటే. మందు మూత తీసేముందు ఒక పూట కూర్చుని చేపను చూడండి.

చూడటానికి ఒక వరస ఉంది. అద్దంలోంచి చూస్తే చాలదు. తొట్టి మూత తీసి, స్టూలెక్కి, పైనుంచి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న ఆస్కార్‌కు పొలుసులు ఒంటికి అతుక్కుని ఉంటాయి, పైనుంచి చూస్తే పక్కల గీత నున్నగా సాగిపోతుంది. నీరు పట్టిన చేపకు పొలుసుల అంచులు ఒక్కొక్కటే పైకి లేస్తాయి, ఒళ్లంతా అనాసపండు పెచ్చులా గరుకుగా కనబడుతుంది. అలా ఉంటే దారి వేరు. దాని సంగతి కింద రెండో ఉత్తరానికి రాశాను. మీరు తీసి పంపిన ఫొటోలో మొప్పల దగ్గర నుంచి తోక దాకా పొలుసులన్నీ నున్నగానే ఉన్నాయి. ఉబ్బు రెండు పక్కలా సమానంగా ఉంది. అది చూశాక నా బెంగ సగం తీరింది.

ఉబ్బు ఒకే పక్కన, గట్టిగా, వారాల తరబడి నెమ్మదిగా పెరుగుతూ ఉంటే కణితి అనుమానించాలి. ఉన్నట్టుండి ఒక పక్క ఎత్తుగా లేస్తే గులకరాయి మింగిందేమో చూడాలి. ఆస్కార్ అడుగున ఉన్న రాళ్లను నోటితో ఎత్తి అటూ ఇటూ మోస్తుంది, తవ్వుతుంది, అది దాని స్వభావం. గొంతులో పట్టేంత రాయి తొట్టిలో ఉండనే కూడదు. సన్నని ఇసుకో, దాని నోట్లో పట్టని పెద్ద రాళ్లో ఉంచండి. ఏమీ లేకుండా వట్టి గాజు అడుగు ఉన్నా దానికి లోటు లేదు. మీ తొట్టిలో ఉన్నది సన్నని ఇసుకే కాబట్టి రాయి సందేహం పోయింది.

తర్వాత కళ్లు చూడాలి, బయటికి పొడుచుకొచ్చాయా అని. మొప్పలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయో చూడాలి. నీటి పైకొచ్చి గాలి మింగుతోందా, రెక్కలు ముడుచుకుందా, మనిషి దగ్గరికొస్తే తల తిప్పుతోందా అన్నవి గమనించాలి. మీ భీముడు ఒరిగి కూర్చున్నా, మీరు గ్లాసు దగ్గరికి వస్తే కన్ను తిప్పి చూస్తున్నాడన్నారు. ఆస్కార్ తనకు తిండి పెట్టే మనిషిని గుర్తుపట్టే చేప. ఆ ధ్యాస ఉన్నంతవరకు మనకు వ్యవధి ఉన్నట్టే.

ఇక ఆ తెల్లదారం. దాన్ని చూడగానే “పురుగులు, పురుగుల మందు” అనేస్తారు చాలామంది. తొందరపడకండి. తిండి మానేసిన చేప పేగు ఖాళీగా ఉన్నప్పుడు లోపలి జిగురు ఒక్కటే తెల్లగా సాగి బయటికి వస్తుంది. అందులో జబ్బేమీ లేదు. అదే చేప తిండి తింటూ కూడా రోజుల తరబడి తెల్లటి, సన్నటి, తెగిపోయే మలం వేస్తుంటే, తింటున్నా వీపు దగ్గర చిక్కిపోతుంటే, తల మీద సూదిమొనంత గుంటలు పడుతుంటే, అప్పుడు హెక్సామిటా జాతి పరాన్నజీవిని అనుమానించాలి. మలద్వారం నుంచి ఎర్రటి సన్నని పోగులు బయటికి కనిపిస్తే అది కెమలానస్ అనే పేగుపురుగు. దాని మందు వేరు, హెక్సామిటా మందు వేరు. ఒకదానికి వేసింది రెండోదానికి పనిచేయదు.

మీరు చెప్పినవాటిలో నన్ను ఆపేసింది నీటి వేడి. తొట్టికి అంటించిన పట్టీ 21 డిగ్రీలు చూపిస్తోందన్నారు. హీటరును భీముడే కిందటేడు తోకతో కొట్టి పగలగొట్టాడని, మళ్లీ కొనలేదని అప్పుడు చెప్పారు. ఆస్కార్ అమెజాన్ నదీ ప్రాంతపు చేప. మన భీమవరం, కైకలూరు చెరువుల్లో పెంచే రూప్‌చంద్ కూడా ఆ నీళ్లదే. వీటికి 25 నుంచి 28 డిగ్రీలు హాయి. చేపకు మనలాగా ఒంట్లో సొంత వేడి ఉండదు. నీళ్లెంత చల్లగా ఉంటే అరుగుదల అంత మందగిస్తుంది. ధనుర్మాసం చలికి చల్లబడ్డ నీళ్లలో, అప్పటికే మెల్లగా నడుస్తున్న పేగులోకి కోడి కార్జం, కొవ్వు ముక్కలు పడ్డాయి. కోడి, మేక లాంటి వేడి నెత్తురు జీవాల కొవ్వు చేపకు సరిగా అరగదు. తరచూ పెడితే కాలేయంలో పేరుకుంటుంది. ఒక్క కనుమకే చచ్చిపోతుందని భయపెట్టడం లేదమ్మా. పొట్ట ఎందుకు ఆగిపోయిందో చెబుతున్నాను. పిల్లలు ప్రేమగానే వేశారు, వాళ్లను ఏమీ అనకండి.

పక్కింటావిడ మాట తోసెయ్యదగ్గది కాదు. ఆస్కార్ ఆడదో మగదో బయటి నుంచి చెప్పడం కష్టం, భీముడని పేరు పెట్టుకున్నా అది ఆడచేపే కావచ్చు. అయితే గుడ్లతో ఉన్న చేప తిండి దగ్గర ఇలా ముఖం తిప్పుకుని మూల కూర్చోదు. ఏదో ఒక చదునైన రాయిని నోటితో శుభ్రం చేస్తూ హడావుడిగా తిరుగుతుంది. ఉబ్బు కూడా పొట్ట వెనక భాగంలో, మలద్వారం దగ్గర ఎక్కువగా కనబడుతుంది.

ఇవన్నీ కలిపి చూసి మలబద్ధకమనే నిర్ణయానికొచ్చి, మీ చేత ఈ పనులు చేయించాను.

మొదటిది ఉపవాసం. లంఖణం పరమౌషధం అన్నమాట మనుషులకెంత వర్తిస్తుందో గానీ, పొట్ట ఉబ్బిన పెద్ద చేపకు మాత్రం పూర్తిగా వర్తిస్తుంది. అంత సైజు ఆస్కార్ వారం రోజులు తిండి లేకుండా సునాయాసంగా ఉంటుంది. గ్లాసు దగ్గరికొచ్చి నోరు తెరిచి అడుగుతుంది. అప్పుడు మనసు గట్టి చేసుకోవాలి. ఈ ఒక్కచోటే చాలామంది ఓడిపోతారు, “పాపం ఒక్క గుళిక” అని వేసేస్తారు.

రెండోది వేడి. మీ తొట్టికి 200 వాట్ల హీటరు సరిపోతుంది. గాజు గొట్టానికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నదే తీసుకోమన్నాను, పెద్ద చేపలున్న తొట్టికి అది తప్పనిసరి. ఒక్కసారిగా 28కి తిప్పకుండా, రోజుకు రెండేసి డిగ్రీల చొప్పున పెంచుకుంటూ పోవాలి. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది కాబట్టి ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆడాలి.

మూడోది నీళ్లు. నాలుగో వంతు తీసి, అంతే వేడి ఉన్న కొత్త నీళ్లు పోయాలి. మున్సిపల్ కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ కలపకుండా పోయొద్దు. గోదావరి జిల్లాల వాళ్లకు ఒక సదుపాయం ఉంది, చాలామంది వాడుకోవడం లేదు. చాలా ఊళ్లలో రొయ్యల రైతుల కోసం ఆక్వా ల్యాబ్‌లు ఉన్నాయి. ఒక సీసాలో తొట్టి నీళ్లు పట్టుకెళ్తే అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూసి చెబుతారు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. మీ నీళ్లలో అమ్మోనియా కొద్దిగా వచ్చింది. దాని కంటపడకుండా ఫిల్టరు వెనక్కి జారిన మాంసం ముక్కలు అక్కడే కుళ్లుతున్నాయని మీవారు గొట్టం పెట్టి లాగాక తేలింది. రాత్రి లైటు వేసి చూసే మనిషి పగలు ఆ పని కూడా చేశారు, ఆయనకు నా తరఫున చెప్పండి.

నాలుగోది ఎప్సమ్ సాల్ట్. ఇది మెగ్నీషియం సల్ఫేట్. పేగు కండరాలను సడలించి, ఆగిపోయినదాన్ని కదిలిస్తుంది. కూరలో వేసే ఉప్పు దీనికి బదులు కాదు. ఎరువుల కొట్లో, చెరువు మందుల కొట్లో బస్తాల్లో దొరికే మెగ్నీషియం సల్ఫేట్ కూడా వద్దు, అందులో కల్తీ ఏముంటుందో చెప్పలేం. మెడికల్ షాపులో దొరికే శుభ్రమైనదే తీసుకోవాలి. 20 లీటర్లకు ఒక టీ చెంచా, గీసి కొలిచినది. మీ తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే 9 ఘనపుటడుగులు, ఘనపుటడుగుకు 28 లీటర్ల చొప్పున 250 లీటర్ల పైచిలుకు. పైన వదిలిన ఖాళీ, అడుగున ఇసుక తీసేస్తే నికరంగా 220 లీటర్లు. కాబట్టి 11 చెంచాలు. ఒక మగ్గు నీళ్లలో పూర్తిగా కరిగించి, మూడు వాయిదాలుగా, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, ఫిల్టరు ధార పడేచోట పోయాలి. పలుకులు చేప మీద పడకూడదు. ఇంకో మాట, ఈ ఉప్పు నీళ్లతో పాటు ఆవిరి కాదు. ఎన్ని నీళ్లు తీసి మారుస్తారో ఆ కొత్త నీళ్లకు మాత్రమే మళ్లీ కలపాలి. రోజూ మొత్తం మోతాదు వేసుకుంటూ పోతే చేపకు ముప్పు.

ఆ వారం గడవకముందే మీరు ఫోన్ చేసి, తెల్లవారి చూస్తే తొట్టి అడుగున బూడిదరంగు మలం చిటికెన వేలంత లావున పడి ఉందని చెప్పినప్పుడు మీ గొంతులో సంతోషం నాకిక్కడ వినబడింది. రెండో రోజుకు పొట్ట తగ్గి, మధ్య నీళ్లలో నిటారుగా ఈదడం మొదలుపెట్టాడన్నారు. అప్పుడు పెట్టమన్నది ఉడకబెట్టి తొక్క తీసిన పచ్చి బఠాణీ, ఉప్పు లేకుండా. ఆస్కార్లు కొన్ని దాన్ని ఊసేస్తాయి, మీవాడూ ఊసేశాడు. పర్వాలేదు. పొట్టు తీయని చిన్న పచ్చిరొయ్య ఒకటి ఇవ్వండన్నాను. ఆ పొట్టే పీచులా పనిచేసి పేగును కదిలిస్తుంది. దాన్ని మాత్రం కాదనలేదు.

ఒకవేళ ఉపవాసం, వేడి, ఎప్సమ్ సాల్ట్ అన్నీ చేశాక కూడా వారానికి మార్పు లేకపోతే ఏం చేయాలి? అప్పుడు మలాన్ని తాజాగా ఒక శుభ్రమైన సీసాలో పట్టి మైక్రోస్కోపు ఉన్న ల్యాబ్‌కు తీసుకెళ్లాలి. పశ్చిమ గోదావరి జిల్లా ‘ఉండి’ అనే ఊళ్లోని మత్స్య పరిశోధన స్థానం, నెల్లూరు వైపు ముత్తుకూరు మత్స్య కళాశాల లాంటి చోట్ల ఈ విద్య తెలిసినవాళ్లున్నారు. హెక్సామిటా అని తేలితే మెట్రోనిడజోల్ వాడతారు. పశువైద్యులు చెప్పాకే వాడండి. నీళ్లలో వేసే పద్ధతిలో సాధారణంగా 40 లీటర్లకు 250 మిల్లీగ్రాములు లెక్క. మన షాపుల్లో దొరికే మాత్రలు 200, 400 మిల్లీగ్రాములవి, కాబట్టి లెక్క జాగ్రత్తగా కట్టుకోవాలి. చేప తింటూ ఉంటే తిండిలో కలిపి పెట్టడమే మేలు, మందు పేగులోకే చేరుతుంది. ఫిల్టరులో బొగ్గు ఉంటే ముందు తీసేయాలి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది.

చెరువులున్న పాఠకులకు మాత్రం ఇక్కడ గట్టిగా చెప్పాలి. మనుషులు తినే చేపల, రొయ్యల చెరువుల్లో మెట్రోనిడజోల్, ఆ కుటుంబపు మందులు, నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ నిషేధం. పై మాటలు ఇంట్లో అందం కోసం పెంచుకునే చేప వరకే.

భీముడి తిండి గురించి అడిగారు. ఆ వయసు ఆస్కార్‌కు రోజుకు ఒక్కపూట చాలు. రెండు నిమిషాల్లో తినేసినంతే వేయాలి. వారంలో ఒక రోజు ఏమీ వేయకూడదు. మంచి రకం గుళికలు ప్రధానంగా ఉంచి, వాటిని కాసేపు తొట్టి నీళ్లలో నానబెట్టి వేయండి. మధ్యమధ్యన రొయ్య, వానపాము, బఠాణీ. బతికున్న చిన్న చేపల్ని వేసే అలవాటు కొందరికి ఉంది. షాపులో చవగ్గా దొరికే ఆ చేపలు జబ్బుల్ని, పరాన్నజీవుల్ని వెంటబెట్టుకొస్తాయి. పైగా గోల్డ్‌ఫిష్‌లో బి1 విటమిన్‌ను విరిచేసే పదార్థం ఉంటుంది. అవే రోజూ పెడితే ఆ లోపంతో పెద్ద చేప దెబ్బతింటుంది. కోడి, మేక మాంసం ఇక వద్దు. వచ్చే కనుమకు పిల్లలకు రొయ్యలు ఇచ్చి, తలా ఒకటి కాకుండా అందరూ కలిసి రెండు వేయమనండి.

అబ్బాయికి ఇప్పుడు చెప్పేయండి. తొట్టి ఇంకా పెద్దది కావాలని, ఈ సైజు ఆస్కార్‌కు 300 లీటర్లకు తగ్గకూడదని కూడా చెప్పండి.

ప్రశ్న: నమస్తే సార్. మేము కూకట్‌పల్లిలో ఉంటాం. మా ఫ్లవర్‌హార్న్ చేప పొట్ట నాలుగు రోజులుగా ఉబ్బింది, పొలుసులన్నీ లేచి నిలబడ్డాయి, కళ్లు ఉబ్బాయి. తిండి మానేసింది. మా నాన్నగారు పొద్దున దాన్ని చూశాకే టీ తాగుతారు. తెలిసినవాళ్లొకరు సిరంజితో పొట్టలో నీళ్లు లాగేస్తే తగ్గుతుందంటున్నారు. లాగమంటారా? తగ్గుతుందా?
- ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: బాబూ, సూది పెట్టకండి. ఇంట్లో, తెలియని చేత్తో ఆ సూది ఏ అవయవంలోకి దిగుతుందో చెప్పలేం. లాగినా ఆ నీళ్లు మళ్లీ చేరతాయి, చేరడానికి కారణం లోపల అలాగే ఉంటుంది కాబట్టి.

మీరు రాసింది జలోదరం. చెరువుల దగ్గర బొచ్చె, శీలావతి చేపల్లో రైతులు డ్రాప్సీ అనేది దీన్నే. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ బాధపెట్టిన జబ్బుల్లో ఇదొకటి, అందుకని దాచకుండా చెబుతున్నాను. పొలుసులు పూర్తిగా లేచి, కళ్లు కూడా ఉబ్బాక బతికే చేపలు తక్కువ. బతకవని మాత్రం అనను.

లోపల జరుగుతున్నది ఇది. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు బయటి నీటికంటే ఎక్కువ. అందువల్ల మొప్పల గుండా, చర్మం గుండా నీళ్లు రాత్రింబగళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి. వచ్చిన నీటినంతా మూత్రపిండాలు బయటికి తోసేస్తుంటాయి. ఆ మూత్రపిండాలు దెబ్బతింటే నీళ్లు వెళ్లే దారి ఉండదు. ముందు పొట్టలో, తర్వాత పొలుసుల కింద, కళ్ల వెనక చేరతాయి. దెబ్బతీసేది చాలాసార్లు ఏరోమోనాస్ అనే బాక్టీరియా. అది ప్రతి తొట్టిలోనూ, ప్రతి చెరువులోనూ ఉండేదే. చేప బలంగా ఉన్నంతకాలం జోలికి రాదు. నీళ్లు మార్చక నైట్రేట్ పేరుకుపోయినా, ఇరుకు తొట్టిలో ఉన్నా, చలికి వణికినా అప్పుడు పైకి లేస్తుంది. తొట్టి నీళ్లు చివరిసారి ఎప్పుడు మార్చారో మీరు రాయలేదు. ముందు అది గుర్తుచేసుకోండి.

చేయగలిగినవి చెబుతాను. 60 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులోకి మార్చండి. పొడి వలతో, పొడి చేతులతో పట్టకండి, ఒంటి మీది జిగురు పొర ఊడొస్తుంది. చేప పట్టేంత చిన్న గిన్నెను తొట్టిలో ముంచి, చేపను నీళ్లతో సహా ఎత్తండి. పాత తొట్టిలో ఆడుతున్న స్పాంజి ఫిల్టరును తెచ్చి ఇందులో పెట్టండి. వేడి 28 డిగ్రీలు. 20 లీటర్లకు టీ చెంచా ఎప్సమ్ సాల్ట్. రోజూ మూడో వంతు నీళ్లు మార్చి, మార్చిన నీళ్లకు మాత్రం మళ్లీ అదే లెక్కన కలపండి. కల్లుప్పు వేయమని ఎవరైనా చెబితే ఈ జబ్బులో వినకండి. లోపల నీరు చేరిన చేపకు ఎప్సమ్ సాల్టే మేలని నా అభిప్రాయం. యాంటీబయోటిక్ అవసరం. అది ఏదో, ఎంతో చేపల వైద్యం తెలిసిన పశువైద్యులే నిర్ణయించాలి. మీ చేప తినడం మానేసింది కాబట్టి తిండిలో కలిపే దారి మూసుకుపోయింది, ఇంజెక్షన్ ఇవ్వాలంటే కూడా వాళ్ల చేతుల్లోనే జరగాలి. ఒక చేపకు వాడి మిగిలిన మాత్రలు ఇంకో చేపకు వేయడం, సగం కోర్సుతో ఆపేయడం, ఈ రెండూ చేయొద్దు.

మూడు నాలుగు రోజులకు పొలుసులు కొంచెమైనా కిందికి దిగితే, తిండి వైపు చూస్తే కొనసాగించండి. అలా కాక ఒరిగిపోయి, మొప్పలు బలవంతంగా కొడుతూ ఉంటే, ఇక దాన్ని బాధ నుంచి తప్పించడం గురించి ఆలోచించాలి. అందుకు లవంగ నూనె వాడతారు. కొద్దిగా గోరువెచ్చని నీళ్లలో తెల్లగా అయ్యేలా గిలక్కొట్టి, చేప ఉన్న చిన్న గిన్నెలో నెమ్మదిగా పోస్తే ముందు మత్తులోకి వెళుతుంది, మోతాదు పెంచితే అందులోనే ప్రాణం పోతుంది. మొప్పలు ఆగాక కూడా కనీసం 10 నిమిషాలు అలాగే ఉంచాలి. మోతాదు డాక్టరును అడిగే చేయండి, నాన్నగారిని ముందు ఒప్పించి చేయండి. ఆ చేపతో ఎక్కువ చెలిమి ఆయనకే కదా.

ఏ పరిస్థితిలోనూ దాన్ని బతికుండగా చెరువులోనో, కాలువలోనో వదలకండి. తొట్టి అద్దాల పాచి తింటుందని తెచ్చుకున్న సక్కర్ చేపల్ని అలా వదిలే కదా, ఇవాళ మన చెరువుల్లో దెయ్యం చేపలని రైతులు తల పట్టుకుంటున్నారు.

పాత తొట్టిలో ఇంకేవైనా చేపలుంటే, ఈ జబ్బు అంటుకుంటుందన్న భయం కంటే, ఈ చేపను పడగొట్టిన నీళ్లలోనే అవీ ఉన్నాయన్న భయం ఎక్కువ ఉండాలి. ఈ రోజే సగం నీళ్లు మార్చండి, రేపు మళ్లీ.

ప్రశ్న: మా ఆస్కార్ ఒక్కతే ఉంటుంది. పొట్ట ఉబ్బితే జబ్బనుకుని తిండి ఆపేశాం. నిన్న చదునైన రాయి మీద వందలకొద్దీ గుడ్లు పెట్టింది! మగచేప లేకుండా ఇదెలా? ఆ గుడ్లు పిల్లలవుతాయా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మగచేప తోడు లేకపోయినా ఈడొచ్చిన ఆడ ఆస్కార్ గుడ్లు పెడుతుందమ్మా, కోడిపెట్ట పెట్టినట్టే. వాటిలో బీజం పడలేదు కాబట్టి పిల్లలు కావు. ఒకటి రెండు రోజుల్లో తెల్లబడి, బూజు పడతాయి. తల్లి వాటిని కాపలా కాస్తూ, రెక్కలతో విసురుతూ ఉంటుంది, చెయ్యి పెడితే కరుస్తుంది కూడా. అది తానే తినేస్తే తిననివ్వండి. తినకుండా కుళ్లుతుంటే రాయితో సహా బయటికి తీసి కడిగి పెట్టేయండి, నీళ్లు నాలుగో వంతు మార్చండి. తిండి రేపటి నుంచే మామూలుగా మొదలుపెట్టండి. గుడ్లు పెట్టి అలసిన చేపకు ఇప్పుడు ఉపవాసం వద్దు.

ఇలా నెలకోసారి పెట్టినా కంగారు పడక్కర్లేదు. గుడ్లతో పొట్ట నిండి రోజులు గడుస్తున్నా పెట్టలేక, తిండి మాని, మలద్వారం దగ్గర ఎర్రబడితే మాత్రం ఫొటో తీసి పంపండి. పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి.